పదో గడి ఎరుపు

చేదబావుల పరిరక్షణ శాఖ వారి వేగిలంక ప్రాంతీయ కార్యాలయంలో బావి లేదు. కుళాయి ఉంది గానీ అందులోంచి గాలి మాత్రమే వస్తుంది. అందుకని పల్లాలమ్మ రోజూ పొద్దున్నే పక్క వీధిలోంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి కూజాలు నింపేది, టీ గ్లాసులు కడిగేది, బల్లలు తుడిచేది. బావులు కాపాడే ఆఫీసుకి నీళ్ళు మొయ్యడానికి మనిషెందుకని ఎవరికైనా అనుమానం వస్తే, దాన్ని మూడు ప్రతుల్లో రాసి సమర్పించుకోవాలి. ఇంతవరకూ ఎవరూ సమర్పించుకోలేదు.

పల్లాలమ్మ ఆ ఆఫీసులో చేరినప్పుడు ఆవిడ కూతురు ఉయ్యాల్లో ఉంది. ఇప్పుడు ఆ కూతురి కూతురు బడికెళ్తోంది. పల్లాలమ్మ మాత్రం అప్పుడూ దినకూలీయే, ఇప్పుడూ దినకూలీయే. ఏడో తరగతి దాకా చదివింది, పేరు గుండ్రంగా రాస్తుంది, ఎంతటివాడి ముందైనా మాట మింగదు. వచ్చిన ప్రతి ఆఫీసరూ పర్మినెంటు చేస్తానని చెప్పాడు, బదిలీ అయి వెళ్ళేటప్పుడు తర్వాతి ఆయనకి చెప్పి వెళ్తానన్నాడు. ఈ ఏడు ఏ దేవుడు కన్ను తెరిచాడో గానీ ఫైలు కదిలింది. ఉత్తర్వు టైపయింది, సంతకమే తరువాయి. సరిగ్గా అప్పుడే శాఖకి గోళ్ళ మీద మమకారం పుట్టుకొచ్చింది.

అదెలా పుట్టిందంటే, ప్రాంతీయ సంచాలకులు చిదంబరేశ్వరరావు గారు సముద్రపొడ్డున ఏదో రిసార్టులో బావుల గురించి శిక్షణకి వెళ్ళారు. ఒకరోజు భోజనాలయ్యాక ఒకాయన వేదికెక్కి, మనిషి ఆరోగ్యమంతా గోళ్ళలోనే కనిపిస్తుందనీ, గోళ్ళు గట్టిగా ఉంటే మనిషి గట్టిగా ఉంటాడనీ, మనిషి గట్టిగా ఉంటే ప్రభుత్వం గట్టిగా ఉంటుందనీ ఉపన్యసించాడు. శిక్షణకొచ్చిన వారంతా పద్ధతిగా నిద్రపోయారు. మన సంచాలకులు గారొక్కరే మెలకువగా ఉన్నారు. కొంప మునిగింది అక్కడే.

తిరిగొచ్చిన మర్నాడే సర్క్యులర్ దిగింది.

"విషయము: సిబ్బంది నఖముల దృఢత్వము, ఆరోగ్యము, నిత్య సంరక్షణ – తక్షణ అమలు గురించి. ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఉద్యోగి ప్రభుత్వమునకు చెందినవాడగుటచేత, అతని వ్రేళ్ళ చివరనున్న నఖములు సైతము ప్రభుత్వ ఆస్తిగా పరిగణింపబడును. నఖమును పనిముట్టుగా వాడరాదు. నఖమును తడుపరాదు. నఖమును కొరుకరాదు. ఉల్లంఘన ప్రభుత్వ ఆస్తి ధ్వంసముగా భావింపబడును."

దీన్ని అమలు చెయ్యడానికి సూపరింటెండెంటు గవర్రాజు గారిని నఖ నోడల్ అధికారిగా నియమించారు. గవర్రాజు గారు నియమావళి అంతా కంఠతా పట్టిన మనిషి. ఆయనకి ఆకలేసినా ఏ నిబంధన కింద వేస్తోందో చూసుకుని గానీ క్యారేజీ విప్పరు.

ఆ రోజు నుంచి ఆఫీసు స్వరూపం మారిపోయింది. కాగితాలకున్న పిన్ను తియ్యాలంటే గోరు కావాలి, కాబట్టి పిన్నులు తియ్యడం మానేశారు. పేజీ తిప్పడానికి తడి స్పాంజి ముట్టుకోకూడదు, కాబట్టి ఫైళ్ళన్నీ మొదటి పేజీ వరకే చదివారు. బడ్జెట్ చూసే గుమాస్తా ఏళ్ళ తరబడి గోళ్ళు కొరుక్కుంటూనే లెక్కలు తేల్చేవాడు. ఆ అలవాటు మానిపించాక ఆయన లెక్కలు తేలడం మానేశాయి. పొద్దున పదకొండింటికి అందరూ గోళ్ళకి కొబ్బరినూనె మర్దన చేసుకోవాలి. నూనె చేతులతో కాగితం ముట్టుకుంటే మరక పడుతుంది కాబట్టి భోజనాల దాకా ఫైలు ముట్టుకోకూడదు. భోజనం చేశాక ఎలాగూ ఎవరూ ముట్టుకోరు.

గోళ్ళు కత్తిరించే దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ప్రతి శుక్రవారం ఆఫీసులోనే తిన్నగా అడ్డంగా, మూలలు గుండ్రం చెయ్యకుండా కత్తిరించుకోవాలని సంచాలకులు గారి ఆదేశం. శుక్రవారం గోళ్ళు తియ్యడమేమిటి, లక్ష్మీదేవి లేచి వెళ్ళిపోదూ అని జూనియర్ అసిస్టెంటు హేమసుందరి అడ్డం తిరిగింది. మంగళవారమూ పనికిరాదని బడ్జెట్ గుమాస్తా అన్నాడు. శనివారం తన జాతకానికి పడదని ఇంకెవరో అన్నారు. దీని మీద ఒక ఉపసంఘం వేశారు. ఆ శాఖ చరిత్రలో గడువులోగా నివేదిక ఇచ్చిన ఉపసంఘం అదొక్కటే. బుధవారం ఖాయమైంది.

సర్క్యులర్ వచ్చిన మొదటిరోజే పల్లాలమ్మ గవర్రాజు గారి దగ్గరికెళ్ళి చేతులు చాపింది. నిత్యం నీళ్ళలో నాని ఆ గోళ్ళు తెల్లగా, చివర్లు పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి.

"మరి నా గోళ్ళ సంగతేటండి? నేను కూడా తడపకూడదాండి?"

గవర్రాజు గారు సర్క్యులర్ రెండోసారి చదివారు. "దినకూలీల గోళ్ళ ప్రస్తావన లేదమ్మా. నువ్వు ఉద్యోగివి కావు గనక నీ గోళ్ళు ప్రభుత్వ ఆస్తి కావు. అవి నీ సొంతం. నీ ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చు."

ఆవిడ ఇష్టం వచ్చినట్టు కాదు గానీ, ఆఫీసు ఇష్టం వచ్చినట్టు వాడకం మొదలైంది. పల్లాలమ్మా, పిన్ను. పల్లాలమ్మా, ఈ మూట ముడి విప్పు. పల్లాలమ్మా, ఈ డబ్బా మూత. పల్లాలమ్మా, నా వీపు, కొంచెం కిందకి, ఆఁ, అక్కడే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు పెద్దలు. ఆ ఆఫీసులో పర్మినెంటు గోళ్ళు పన్నెండు జతల చేతులకున్నా, గోటితో అయ్యే పని మొత్తం ఒక్క దినకూలీ చేతుల మీద పడింది. పల్లాలమ్మ బొటనవేలి గోరు మధ్యకి చీలింది. ఆవిడ దాని మీద కాస్త పసుపు అద్ది, ఇంకో వేలితో పిన్నులు తీసింది. సంతకం అయ్యేదాకా ఓర్చుకోవాలని మనసుకి చెప్పుకుంది.

ఇంతలో రెండో సర్క్యులర్ వచ్చింది. రాజధాని నుంచి నఖ వర్ణ పత్రమని ఒక అట్ట దిగింది. దాని మీద పది గడులు. మొదటి గడి పాలిపోయిన తెలుపు, పదో గడి ఆరోగ్యవంతమైన లేత గులాబీ. ప్రతి సోమవారం ఉద్యోగి గోరు పక్కన ఆ అట్ట పెట్టి ఏ గడికి సరిపోతే ఆ అంకె వెయ్యాలి. వచ్చింది ఒకటే అట్ట కాబట్టి, మిగతావి వేగిలంక శుభలేఖల ప్రెస్సులో అచ్చు వేయించారు. ఆ ప్రెస్సువాడికి శుభలేఖలు కొట్టీ కొట్టీ ఎరుపు దగ్గర చెయ్యి ఆగదు. పదో గడి పెళ్ళికూతురి నుదుటి బొట్టులా వచ్చింది. అసలు అట్ట మీద టీ ఒలికిపోయింది గనక ప్రెస్సువాడి ఎరుపే అధికారిక ఎరుపయింది.

మొదటి సోమవారం ఆఫీసులో నాలుగో గడి దాటినవాడు లేడు. సంచాలకులు గారికి మర్యాదగా అయిదు వేశారు.

ఆ రెండో సర్క్యులర్ చివర్లో ఒక వాక్యం కూడా ఉంది. ఇకమీదట కొత్తగా పర్మినెంటు చేయబోయే ప్రతివారి గోళ్ళూ కనీసం ఎనిమిదో గడికి తగ్గరాదు. గవర్రాజు గారు పల్లాలమ్మ వేళ్ళ పక్కన అట్ట పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, రెండు అని రాశారు.

"బాబుగారూ, ఆ పిన్నులన్నీ మీవేగా నేను తీసింది," అంది పల్లాలమ్మ.

"గోరు రంగు ఎందుకు పోయిందన్న దానికి ఇందులో గడి లేదమ్మా. రంగు ఎంతన్నదే అడిగారు. నిబంధన నేను రాసింది కాదు."

పల్లాలమ్మకి కడుపు మండిపోయింది. ఇన్నేళ్ళు నీళ్ళు మోసి పోగొట్టుకున్న గోళ్ళే ఇప్పుడు ఉద్యోగానికి అడ్డం పడ్డాయి. పైగా ఈ నెలాఖరుతో పర్మినెంటు చెయ్యడాలు బందని ప్రభుత్వం జీవో ఇచ్చింది. నెలాఖరు దాటితే ఆ ఉత్తర్వు పకోడీలు పొట్లం కట్టుకోవడానికి పనికొస్తుంది. ఆ రోజు ఆవిడ గ్లాసులు కడగలేదు. ఊరికే తిప్పి పెట్టేసింది. అందరూ అందులోనే తాగారు.

ఆషాఢం వచ్చింది. పల్లాలమ్మ ఇంటి వెనక గోరింట చెట్టుంది. ఏటా ఆషాఢంలో ఆ వీధి ఆడవాళ్ళంతా ఆవిడ చేతే రుబ్బించుకుంటారు. ఆవిడ చేతిలో ఏముందో గానీ ఎర్రగా పండుతుందని పేరు. చింతపండు, వక్క, రెండు లవంగాలు వేసి ఆదివారమంతా రుబ్బురోలు ముందు కూర్చుంది. పెట్టించుకున్న వాళ్ళ చేతులు ఎంత పండాయో గానీ, రుబ్బిన చేతులు వాళ్ళందరికంటే ఎర్రగా పండాయి. గోళ్ళయితే నలుపు తిరిగిన ఎరుపు.

మర్నాడు సోమవారం. గవర్రాజు గారు అలవాటు చొప్పున అట్ట పెట్టారు. పదో గడి చిన్నబోయింది.

"ఇది గోరింటాకు కదా, పల్లాలమ్మా?"

"అవునండి. ఆషాఢం కదండి మరి."

గవర్రాజు గారు అట్టకేసి, గోళ్ళకేసి, నియమావళికేసి చూశారు. ఆయన ఎటువంటివారైనా నిబంధనకి ద్రోహం చెయ్యరు. ఎరుపు ఎందుకు పోయిందో అడగని అట్ట, ఎరుపు ఎందుకు వచ్చిందో మాత్రం ఎలా అడుగుతుంది? ఆయన పెన్ను తీసి పది అని వేశారు. పక్కన 'అత్యుత్తమము' అని కూడా రాయాల్సి వచ్చింది.

ఈ వార్త లోపలికెళ్ళగానే సంచాలకులు గారి గదిలో గంట మోగింది.

"గవర్రాజు గారూ, కార్యాలయాధిపతి నఖము ఐదవ గడి. నీళ్ళు తెచ్చు మనిషి నఖము పదవ గడి. ఇది పరిపాలనాపరమైన అసమతుల్యత కాదా?"

"అసమతుల్యతేనండి."

"రాష్ట్ర నఖ పరిశీలక బృందం రేపు ఉదయం వస్తోంది. ప్రాంతీయ కార్యాలయాలలో ప్రథమ స్థానానికి బంగారు గోరు బహుమతి ఉంది. మీకు జ్ఞాపకముందా?"

"ఉందండి. రేపటితోనే నెలాఖరు కూడానండి. పల్లాలమ్మ ఉత్తర్వు మీ బల్ల మీద..."

"ముందు వర్ణం, తర్వాత ఉత్తర్వు," అన్నారు సంచాలకులు గారు.

సాయంత్రానికి మూడో సర్క్యులర్ తయారైంది. దాని పేరు వృక్షజన్య నఖవర్ణోద్దీపన కార్యక్రమం. బృందం పొద్దున కాక సాయంత్రం ఆరింటికి వచ్చేలా ఫోన్లు చేసి ఒప్పించారు. మర్నాడు మధ్యాహ్నం నుంచి సిబ్బంది అంతా కార్యాలయంలోనే, విధి నిర్వహణలో భాగంగా, పదివేళ్ళకీ గోరింటాకు పెట్టించుకోవాలి. సాయంత్రం అయిదున్నర దాకా తియ్యకూడదు. రుబ్బడం, పెట్టడం పల్లాలమ్మ బాధ్యత.

మర్నాడు పల్లాలమ్మ పెద్ద గిన్నెడు ముద్ద తెచ్చింది. సంచాలకులు గారి గదిలోకి వెళ్ళి గిన్నె కింద పెట్టకుండానే అడిగింది.

"అయ్యగారూ, ముందు ఆ సంతకం పడేత్తే నా మనసు కుదుటపడుద్దండి. అయిదింటికల్లా పెద్దాఫీసుకి పంపకపోతే పనికిరాదన్నారంట."

"అయిదింటికి చాలా సమయముంది. ఆరోగ్యానికి మించిన ఉత్తర్వు లేదమ్మా. కానీయ్." ఆయన పదివేళ్ళూ చాపారు.

పల్లాలమ్మ ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత కింద కూర్చుని, పదివేళ్ళకీ పది టోపీలు పెట్టింది. మామూలుగా పెట్టే కంటే దిట్టంగానే పెట్టింది.

తర్వాత గవర్రాజు గారు. "ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడంటారండి," అంది పల్లాలమ్మ. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ గవర్రాజు గారు ఆ విషయంలో నిబంధన ఏదీ లేదన్నారు. తర్వాత హేమసుందరి, బడ్జెట్ గుమాస్తా, మిగతా అందరూ. అందరి వేళ్ళకీ పెట్టేసరికి మూడయింది. అప్పుడు చూస్తే చేదబావుల పరిరక్షణ శాఖ ప్రాంతీయ కార్యాలయమంతా చేతులు గాల్లోకి చాపి, వేళ్ళు విడదీసి, కదలకుండా కూర్చుని ఉంది. బావికి చప్టా కట్టించమని అర్జీ పట్టుకొచ్చిన రైతొకాయన గుమ్మంలోంచి తొంగిచూసి, ఎవరో పోయారనుకుని చెప్పులు విప్పేసి కాసేపు మౌనంగా నిలబడి వెళ్ళిపోయాడు.

ముద్ద ఆరిపోకూడదని ఫ్యాన్లు ఆపేశారు. ఆషాఢపు ఉక్క. నాలుగయ్యేసరికి కళ్ళజోళ్ళు జారడం మొదలెట్టాయి. హేమసుందరి జడలోంచి వెంట్రుక కంట్లో పడింది. బడ్జెట్ గుమాస్తాకి దాహమేసింది. అంతమందిలో చేతులు ఖాళీగా ఉన్నది ఒక్కరికే. పల్లాలమ్మా, పల్లాలమ్మా అని అన్ని గదుల్లోంచి పిలుపులు. ఆవిడ నెమ్మదిగా, దొరసానిలా తిరుగుతూ ఒకరికి నీళ్ళు తాగించింది, ఒకరి కళ్ళజోడు ఎత్తి పెట్టింది.

నాలుగున్నరకి ఆవిడ సంచాలకులు గారి గదిలోకి వెళ్ళింది. ఆయన మొహం విచిత్రంగా ఉంది. ముక్కు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరుగుతోంది. ముక్కు చివర ఈగ వాలి లేచి వాలుతోంది.

"పల్లాలమ్మా, వచ్చావా. ముక్కు. కొంచెం గోకు."

"గోకుతానండి. ఉత్తర్వు సంగతి చెప్పండి."

"చేతులు చూస్తున్నావుగా? పెన్ను ఎలా పట్టుకోను? అయిదున్నరకి తీసేశాక పెడతాను."

"అయిదు దాటితే పనికిరాదండి. మద్దేన్నమే సెప్పాను. కడిగెయ్యండి మరి."

"ఇప్పుడు కడిగితే ఏడో గడి కూడా రాదు." ఆయన ముక్కు భుజానికి రాసుకోబోయారు, అందలేదు. "అబ్బా, త్వరగా."

పల్లాలమ్మ కదల్లేదు. బల్ల మీది ఉత్తర్వు తీసి ఆయన ముందు పరిచింది.

"మా వీధిలో సంతకం రానోళ్ళు ఏలిముద్ర ఏత్తారండి. మీరూ ఏసెయ్యండి."

"ప్రథమశ్రేణి అధికారి వేలిముద్ర వేయుటయా?" సంచాలకులు గారికి కోపం కూడా గ్రాంథికంలోనే వచ్చింది. ఈగ మళ్ళీ వాలింది. ఆయన కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "గవర్రాజు గారూ, ఇటు రండి. దీనికి నిబంధన ఉందా?"

గవర్రాజు గారు మోచేత్తో తలుపు తోసుకుని, చేతులు చాపుకుని వచ్చారు.

"ఉందండి. ఏ కారణం చేతనైనా సంతకం చేయలేని వ్యక్తి ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయవచ్చును. అధికారి, అనధికారి అన్న తేడా చెప్పలేదు. అయితే చదవను, రాయను వచ్చిన సాక్షి ఒకరు దాని కింద ధ్రువీకరించాలి."

"మీరు ధ్రువీకరించండి."

గవర్రాజు గారు తన పదివేళ్ళూ చూపించారు. గుమ్మంలోకి వచ్చిన హేమసుందరి కూడా చూపించింది. ఆ భవనంలో ఎమ్మేలున్నారు, ఎల్లెల్బీ ఒకరున్నారు. పెన్ను పట్టుకోగల వాళ్ళు మాత్రం ఒక్కరే ఉన్నారు.

పల్లాలమ్మ చీపురుపుల్ల తీసి, సంచాలకులు గారి ఎడమ బొటనవేలి టోపీ అడుగున మాత్రం ముద్ద గీసింది, గోరు మీద రంగు చెడకుండా. పండీ పండని నారింజ రంగు వేలిని పట్టుకుని కాగితం మీద నొక్కింది. ఆకు రసం తడికి నారింజ ముద్ర పడింది, చుట్టూ కాస్త ఆకుపచ్చ పిప్పి. తర్వాత పెన్ను తీసుకుని, నాలిక చివర పంటి కింద పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో రాసింది. రాస్తూ పైకి చదివింది.

"పై ఏలిముద్ర మా ఆఫీసరు గారిదే. నేను సదివి వినిపించగా, అర్థం చేసుకుని, ఒప్పుకుని, నా ఎదట ఏసినారు. ఇందుకు సాక్షి, కుడిపూడి పల్లాలమ్మ."

అలాగే రాయాలా అని సంచాలకులు గారు గొణిగారు. వాచకం సరిగ్గా ఉందని, మాన్యువల్లో అక్షరాలా అదేనని గవర్రాజు గారు చెప్పారు.

మొహరు కూడా ఆవిడే కొట్టింది. హేమసుందరి ఫోను మొహం చూస్తే తెరుచుకుంటుంది కాబట్టి, ఆవిడ మొహం ముందు పట్టి తెరిచి, కాగితం ఫొటో తీసి, హేమసుందరి నోటితో చెబుతుంటే పెద్దాఫీసుకి పంపింది. అయిదుకి కొంచెం ముందు అటునుంచి జవాబొచ్చింది. అందినది, ఉత్తర్వు ఈ క్షణము నుంచి అమలులోనికి వచ్చును.

పల్లాలమ్మ ఆ మాట రెండుసార్లు చదువుకుంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సంచాలకులు గారి ఎదురుగా వచ్చిపోయే పెద్దలకోసం వేసిన కుర్చీ ఒకటుంది. రోజూ తుడిచేదే గానీ ఎన్నడూ కూర్చోలేదు. ఇప్పుడు దాన్ని ఇవతలకి లాక్కుని నింపాదిగా కూర్చుంది.

"అయింది కదమ్మా," అన్నారు సంచాలకులు గారు. గొంతు బాగా దిగిపోయింది. "ఇక గోకు. ఈగ పోవట్లేదు."

పల్లాలమ్మ ఎర్రటి గోళ్ళని ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"గవర్రాజు గారూ, గోరుని పనిముట్టుగా వాడకూడదని కదండి రూలు?"

"అవునమ్మా. మొదటి నిబంధన."

"అది పర్మినెంటోళ్ళకేనన్నారు కదండి?"

గవర్రాజు గారు ఒక్క క్షణం ఆలోచించి, అంతా అర్థమై, తలొంచుకుని అవునన్నారు.

"అయితే మరి ఏం చెయ్యనండి, అయ్యగారూ," అంది పల్లాలమ్మ. "ఇందాకటిదాకా ఇవి నా గోళ్ళండి. ఇప్పుడు గవర్నమెంటువి."